కోటనూ రేవునూ కలిపి చూపేవారు కావాలి

ఒక్క పగటిలో కోటలూ మేడలూ చూపించి, సాయంత్రం సముద్రం ఒడ్డున కాసేపు నిలబెట్టి, రాత్రి భోజనాల వేళకు ఇల్లు చేర్చే యాత్రలున్నాయి. ఒక అద్దెకారు, దానికొక డ్రైవరు, ఇంకొంచెం సొమ్ము పెడితే వెంట ఒక గైడు. మైసూరుకో రాజస్థానానికో వెళ్ళివచ్చినవారు ఈ పద్ధతిని బాగా ఎరుగుదురు. అదే యాత్ర మన గుంటూరు, ప్రకాశం సీమల్లో చేద్దామంటే మాత్రం చాలామంది పెదవి విరుస్తారు. "అక్కడ చూడడానికి ఏముందండీ, మిరపకాయల యార్డూ పత్తిచేలూ తప్ప!" అంటారు. ఆ మాట మీద నాకున్న అభ్యంతరమే ఈ టపా.

నిలిచివున్న రాజభవనానికి చెప్పేవారు లేకపోయినా కొంతవరకు గడుస్తుంది. మైసూరు దర్బారుశాల ముందు నిలుచున్నవాడికి అది రాజుగారి కొలువని ఎవరూ చెప్పనక్కరలేదు. కొండవీటి మీద పొదల మధ్య కనిపించే గోడ మొదలు అలా కాదు. అది ఎవరిదో, ఎందుకక్కడ కట్టారో చెప్పేవారు లేకపోతే అది ఉత్త రాళ్ళ వరుస. కనుక మన సీమలో చేసే యాత్రలో అన్నిటికంటె ముఖ్యమైన ఖర్చు గైడు మీద పెట్టేది. మనం చేస్తున్నది సరిగ్గా దీనికి తలకిందులు. కారులో ఏసీ బాగా పనిచేస్తుందా అని రెండుసార్లు అడిగి తెలుసుకుంటాం. వెంట వచ్చే మనిషికి ఏమి తెలుసునో ఒక్కసారి కూడా అడగం.

ఈ దారిలో నేను రెండు పర్యాయాలు అద్దెకారులో తిరిగాను. మొదటిసారి కారుతోబాటు ఏర్పాటైన గైడు చురుకైన కుర్రవాడు. కొండవీడు ఎక్కగానే ఒక గుంట చూపి, ఇక్కడినుండి సముద్రందాకా సొరంగం ఉందండీ అన్నాడు. ఏ రాజు కాలంలో తవ్వించారని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఇరవై నిమిషాలలో కొండ దింపి, మధ్యాహ్నానికి సూర్యలంక చేర్చి, అక్కడ ఇసుకలో వదిలిపెట్టాడు. పొద్దుటి కొండకూ సాయంత్రపు సముద్రానికీ మధ్య సొరంగం ఒక్కటే లంకె అయింది. ఆ కుర్రవాణ్ణి తప్పుపట్టను. అతనికి ఎవరైనా ఏమైనా నేర్పితే కదా!

నిజానికి ఆ రెండింటికీ మధ్య సొరంగం కంటె గట్టి లంకె ఉన్నది. చీరాల అవతల, చినగంజాం మండలంలో మోటుపల్లి అనే చిన్న ఊరున్నది. పూర్వం ప్రకాశం జిల్లాలోది, 2022నుండి బాపట్ల జిల్లాలోది. అక్కడి వీరభద్రాలయంలో కాకతి గణపతిదేవ చక్రవర్తి క్రీ.శ. 1244-45లో వేయించిన స్తంభశాసనం ఉన్నది. దీన్ని ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటంలో ప్రకటించారు. అభయశాసనమని దానికి పేరు. ఒక దేశం నుండి ఇంకొక దేశానికి పోయే ఓడ తుఫానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకువస్తే, అందులోని సరుకంతా ఒడ్డునేలే రాజుదే అనేది అంతకుముందున్న ఆచారం. గణపతిదేవుడు ఆ ఆచారాన్ని మాన్పించాడు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవారివద్ద నిర్ణీతమైన సుంకం తప్ప వేరేమీ తీసుకోబోమని మాట ఇచ్చాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ఆ సుంకం ముప్పయ్యింట ఒక వంతు. కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పగడాలు, దంతం, పట్టుదారం, రాగి, సీసం, మిరియాలు, పోకలు ఇత్యాదిగా సరుకుల పట్టిక కూడా ఆ రాతిమీదనే ఉన్నది.

కాకతీయుల తరువాత ఈ తీరం రెడ్డిరాజులది. ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో కొలువుండగా, అతని కొడుకు అనపోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. ఆ అనపోతారెడ్డే 1358లో మోటుపల్లిలో మళ్ళీ శాసనం వేయించాడు. వచ్చి స్థిరపడదలచిన వర్తకులకు భూమి ఇస్తామనీ, వెళ్ళిపోదలచినవారిని ఆపబోమనీ, సరుకును వారి ఇష్టం వచ్చినవారికి అమ్ముకోవచ్చుననీ హామీ ఇచ్చాడు. కొండమీద కోట బలపరుచుకొంటున్న రాజు, రేవులో పరాయివాడికి భయం లేకుండా చేయడానికి అంత శ్రద్ధ ఎందుకు పెట్టాడు? కోట ఖర్చులో ఒక భాగం ఆ రేవునుండే రావాలి గనుక. రాజుగారి వైభోగానికి కావలసిన సరుకు కూడా ఓడలమీదనే రావాలి గనుక.

తరువాతి తరంలో కుమారగిరిరెడ్డికి వసంతరాయడని బిరుదు. ఏటేటా జరిగే వసంతోత్సవాలకు గంధం, కస్తూరి, కర్పూరం, పన్నీరు సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది ఈ సెట్టికే. చీనా పట్టు, సింహళపు ఏనుగులు, హురుమంజి గుర్రాలు అంటూ ఆ కావ్యపు అవతారికలో కవి చెప్పిన సరుకుల దేశాలను చదివి, ఇది కవుల అతిశయమని తోసిపుచ్చడం తేలిక. మోటుపల్లి స్తంభం ముందు నిలబడి సుంకాల పట్టిక చదివించుకొన్న తరువాత అలా తోసిపుచ్చడం కష్టం. కావ్యం, కోట, రేవు మూడూ ఒకే జమాఖర్చు పుస్తకంలోని పుటలని అప్పుడు తెలుస్తుంది. ఈ విషయాలను మల్లంపల్లి సోమశేఖరశర్మగారు 1948లో వెలువడిన తమ రెడ్డిరాజ్యాల చరిత్రలో ఎంత ఓపికగా సమకూర్చి పెట్టారో చదివినవారికి తెలుసు. అంత గ్రంథం ఉండి కూడా కొండమీద మనకు సొరంగం కథే వినబడుతోంది.

నా రెండో ప్రయాణంలో గైడు లేడు. పదవీ విరమణ చేసిన ఒక తెలుగు పండితుణ్ణి బతిమాలి వెంట తీసుకువెళ్ళాను. ఆయన పొద్దున్నే కొండవీటి ఘాటురోడ్డు ఎక్కించి చెరువులూ బురుజులూ చూపి, 1515లో కృష్ణదేవరాయలు ఈ దుర్గాన్ని పట్టిన సంగతి చెప్పారు. తరువాత చిలకలూరిపేట, పర్చూరు మీదుగా చీరాల దారి పట్టించారు. రెండువైపులా నల్లరేగడి. ఒకవైపు పత్తి, ఒకవైపు కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. కారు దిగకుండానే ఆయన ఒక ప్రశ్న వేశారు: "శ్రీనాథుడు ఈ దారిన పోయినప్పుడు ఈ ఎరుపు ఉండేదంటారా?" ఉండే అవకాశం లేదు. మిరప అమెరికా ఖండాల పంట. పోర్చుగీసువారి ఓడలమీద మన దేశానికి వచ్చింది పదహారవ శతాబ్దిలో. కొండవీటి రెడ్ల రాజ్యం అంతకు ముందే, 1424 ప్రాంతానికే ముగిసింది. వారి కూరలకు కారం మిరియాలది. మోటుపల్లి పట్టికలో ఉన్నదీ ఆ మిరియాలే. ఈవేళ గుంటూరు పేరు చెబితే గుర్తుకు వచ్చే పంటకూడా సముద్రం మీదనుండి వచ్చిన అతిథే అన్నమాట. పత్తి సంగతి దీనికి ఎదురు. ఇక్కడ నేసి, చిరివేరుతో ఎర్రరంగు అద్దిన బట్టకోసం ఓడలే వెతుక్కుంటూ వచ్చాయి. పదిహేడవ శతాబ్ది ఆరంభంలో డచ్చివారూ, 1611లో గ్లోబ్ అనే ఓడమీద ఇంగ్లీషువారూ దిగిన పెటపోలి మన నిజాంపట్నమే.

ఇంతా విన్నాక పొలాలు కూడా చూడవలసిన స్థలాల జాబితాలో చేరిపోయాయి. "చూడడానికి ఏముంది" అన్న ప్రశ్నకు నా జవాబు ఇదే. చూడవలసినవి ఉన్నాయి, వాటిని కలిపి చెప్పేవారే తక్కువ.

చెప్పేవారు దొరికితే చాలదు, నిజం చెప్పేవారు కావాలి. అమరావతినే తీసుకోండి. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు పద్దెనిమిదవ శతాబ్ది చివర చింతపల్లినుండి అక్కడికి తరలివచ్చి ఊరు కట్టించాడు. ఆ కట్టడాలకు ఇటుకా పాలరాయీ వంటిది చాలా భాగం దీపాలదిన్నె నుండి, అంటే మహాస్తూపం నుండి వచ్చింది. 1797లో కాలిన్ మెకంజీ చూసిన దిబ్బ, 1816లో తిరిగి వచ్చేసరికి మధ్యలో గుంటగా మారిపోయింది. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి, వాటిలో పెద్ద భాగం 1859లో లండను వెళ్ళింది. ఇప్పుడు అమరావతి శిల్పాన్ని కన్నులారా చూడాలంటే చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ, లండనులో బ్రిటిష్ మ్యూజియంలోనూ చూడాలి. జమీందారుగారి దానధర్మాలు ఎంత ఘనమైనవో, చేబ్రోలులో ఆయన కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ ఆలయం ఎంత అపురూపమైనదో, ఈ సంగతీ అంత నిజమే. రెండూ ఒకే నోట చెప్పగలవాడు మంచి గైడు. ఒకటి చెప్పి ఒకటి దాచేవాడు వందిమాగధుడు. కోటకు పోతే రాజుగారి కులం మొదట చెప్పి, వినేవారి కులాన్నిబట్టి స్వరం మార్చేవారిని కూడా విన్నాను. కోట ఒక కులపువారి ఆస్తి అయిన రోజున మిగిలినవారికి అది పరాయిది అవుతుంది. పరాయిదైన రాయిని ఎవరు కాపాడతారు?

మేడలు లేని ఊళ్ళను కూడా యాత్రలో కలపాలన్నది నా రెండో మాట. చీరాలలో రాజభవనం లేదు. కాని చీరాల, పేరాల పల్లెలను పురపాలక సంఘంగా మార్చి, నాలుగువేల రూపాయల పన్నును నలభైవేలకు పెంచినప్పుడు, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం 1921లో ఇళ్ళు వదిలి ఊరి బయట రామనగరం కట్టుకొని పదకొండు నెలలున్నారు. మేడలు చూడడానికి బయలుదేరినవాడు, ఇళ్ళు వదిలి గెలవజూచిన ఊరిని దాటిపోవడం న్యాయం కాదు. అక్కడికి దగ్గరలోనే వేటపాలెం. 1918లో పుట్టిన సారస్వత నికేతనం అక్కడున్నది. 1929లో గాంధీగారు వచ్చినప్పుడు విరిగిన చేతికర్రను ఇప్పటికీ దాచివుంచిన గ్రంథాలయం అది. పాత పత్రికలకోసం పరిశోధకులు ఎక్కడెక్కడినుండో వస్తారు. కార్లు మాత్రం దాని ముందు ఆగకుండా ఓడరేవు బీచికి పోతాయి.

ఇదంతా ఒక్క రోజులో అయ్యే పనేనా అంటారా? అన్నీ కావు. అమరావతి ఒక రోజు, కొండవీటినుండి మోటుపల్లి దాకా ఒక రోజు పెట్టుకోవాలి. జాబితాలో రెండు ఊళ్ళు తగ్గించి ఒక మనిషిని పెంచుకోవడమే నేను చెప్పే కిటుకు. సొంతంగా కారు మాట్లాడుకొని తిరగడం కలవారి సరదా కదా అని ఇంకొక ఆక్షేపణ రావచ్చు. నలుగురు కలిస్తే అంత బరువు కాదు. ఒకవేళ సరదాయే అనుకొన్నా, ఆ సొమ్ములో కొంత ఆ ఊరివారి చేతికి చేరాలి కదా. ఇప్పుడది పెట్రోలుకూ భోజన హోటలుకూ పోతోంది. అర్చకుడి పళ్ళెంలో పది రూపాయలు వేసి, శాసనం ఎక్కడుందో చూపించిన ముసలాయనకు నమస్కారంతో సరిపెడతాం.

చేయవలసినది పెద్దదేమీ కాదు. ఒక్కొక్క ఊరికి ఇద్దరు చాలు. చరిత్ర చదివిన పిల్ల ఒకతె, ఊరి సంగతులు తెలిసిన పెద్ద ఒకరు. వేటపాలెం వంటి గ్రంథాలయంలో పది రోజులు కూర్చోబెట్టి శాసనాల పాఠాలూ, రెడ్డిరాజుల చరిత్రా చదివిస్తే, తెలియనిచోట తెలియదని చెప్పడం నేర్పితే, అదే మంచి శిక్షణ. వారి రోజుకూలి ఎంతో ముందే తేల్చి, అడగకుండానే ఇవ్వాలి. కారులో ముందు సీటు వారికివ్వాలి, మధ్యాహ్నం మన విస్తరి పక్కనే వారి విస్తరి వేయించాలి. ప్రభుత్వం పూనుకొంటే సంతోషమే. అందాకా మనమే ఒక్కొక్క యాత్రకు ఒక్కొక్కరిని వెతికి పట్టుకొంటే, అడిగేవారున్నారని తెలిసి చెప్పేవారు తయారవుతారు.

ఏడువందల ఎనభై ఏళ్ళ క్రితం ఈ ఒడ్డున, భాష తెలియని పరాయివాడు దిగినా భయపడనక్కరలేదని రాతిమీద రాసి నిలబెట్టారు. ఈవేళ అదే రాతి ముందుకు మన భాషవాడే వచ్చి, అందులో ఏముందో తెలియక ఫోటో తీసుకొని వెళ్ళిపోతున్నాడు. ఆ రాతిని చదివి చెప్పే మనిషిని నిలబెట్టడం ఆ శాసనం వేయించడం కంటె కష్టమా?

మీ మీ ఊళ్ళలో ఇలా చెప్పగలవారు తప్పక ఉంటారు. వారి ఊరూ, వారు చెప్పే విశేషమూ నలుగురికీ తెలియజేయండి. వారు ఒప్పుకొంటేనే సుమా! ఈ సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు, కారు మాట్లాడుకొనే ముందు, వారిని మాట్లాడుకోండి.