ముసలమ్మ వయసు ఎవరి సొమ్ము?

161 ఏండ్ల ముసలమ్మ! అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్‌ను చిన్నప్పుడు ఎత్తుకొని పెంచిన ఆయా! రండి, టికెట్ కొనండి, కండ్లారా చూసిపోండి! 1835 ఆగస్టులో న్యూయార్క్ నగరంలో మోగిన ప్రచారం ఇది. ఆ ముసలమ్మ పేరు జాయిస్ హెత్. నల్లజాతి బానిస. చూపు లేదు. నోట్లో ఒక్క పన్ను లేదు. కాళ్లు పడిపోయినయి. ఒక చెయ్యి మాత్రం కొద్దిగా కదిలేది. మాట మాత్రం పోలేదు. వచ్చినోళ్లకు 'చిన్న జార్జ్' ముచ్చట్లు చెప్పేది. భక్తి పాటలు పాడేది. అడిగిన ప్రశ్నలకు జవాబిచ్చేది. జనం విరగబడి చూసిండ్రు.

ఆ ఆటకు యజమాని ఫినియాస్ బార్నమ్. అప్పటికి పాతికేండ్ల యువకుడు. తర్వాత కాలంలో సర్కస్‌లతో, మ్యూజియంతో ప్రపంచమంతా పేరు మోసిన బార్నమ్ ఈయనే. ఆయన జీవితంలో మొదటి ప్రదర్శన ఈ ముసలమ్మే. అంతకుముందు ఆమెను ఊరూరా తిప్పుతున్న లిండ్సే అనే మనిషి 3000 డాలర్లు అడిగితే, బేరమాడి 1000కి తెంపిండు. 500 సొంతం, 500 అప్పు. న్యూయార్క్ రాష్ట్రంలో బానిసత్వం 1827లోనే రద్దయింది. అక్కడ మనిషిని కొనడానికి లేదు. కాగితం మీద 'ప్రదర్శన హక్కు' అని రాసుకున్నరు. చట్టం చట్టంగానే ఉంది. ముసలమ్మ మాత్రం ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారింది.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. 161 ఏండ్లంటే జనం ఎట్ల నమ్మిండ్రు? అందరూ అమాయకులా? కాదు. వాళ్లకొక రుజువు చూపిండ్రు. మడతల దగ్గర చిరిగిపోయిన పాత పచ్చకాగితం ఒకటి. 1727 ఫిబ్రవరి 5న వాషింగ్టన్ తండ్రి అగస్టిన్, ఎలిజబెత్ అట్‌వుడ్ అనే ఆమెకు 54 ఏండ్ల జాయిస్ హెత్‌ను 33 పౌన్లకు అమ్మినట్టు అందులో ఉంది. ఆ లెక్కను గుంజుకుంటూ వచ్చి 161 అని తేల్చిండ్రు.

ఆ కాగితం ఏమిటో జాగ్రత్తగా చూడాలి. అది పుట్టిన తేదీ పత్రం కాదు, చర్చి రిజిస్టరు కాదు. అమ్మకపు చీటీ. పశువును సంతలో అమ్మేటప్పుడు ఎన్ని పండ్లున్నయో చూసి ఈడు చెప్పినట్టు, మనిషి ఈడు చెప్పిన చీటీ. ఆ చీటీ దొంగది. కానీ దొంగ చీటీ చెల్లింది ఎందుకు? అసలు చీటీలు సరిగ్గా అట్లనే ఉండేవి కాబట్టి. బానిస తల్లి బిడ్డను కంటే ఆ తారీఖు ఆమెకు రాసివ్వాలన్న పట్టింపు ఎవరికీ లేదు. ఆ బిడ్డ ధర మాత్రం యజమాని లెక్కల్లోకి ఎక్కేది. బానిసత్వం నుంచి తప్పించుకొని గొప్ప వక్తగా ఎదిగిన ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో రాసిన తన ఆత్మకథను ఈ బాధతోనే మొదలుపెట్టిండు. తన వయసెంతో తనకు తెలియదు. తెల్ల పిల్లలకు తమ పుట్టినరోజులు తెలుసు, తనకెందుకు తెలియదన్నది ఆయన చిన్నతనపు దుఃఖం.

కాగితం ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాటే చెల్లుతుంది. పట్వారీ దస్తరం సంగతి తెలిసిన మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఆమె కూడా అబద్ధం చెప్పింది కదా అని అడిగేవాళ్లుంటరు. నిజమే, వాషింగ్టన్ ముచ్చట్లు ఆమె నోటి నుంచే వచ్చినయి. కానీ చూపు లేని, లేచి నడవలేని, ఇంకొకరి ఆస్తిగా బతుకుతున్న మనిషి, నేను చెప్పను పొమ్మంటే ఎక్కడికి పోతది? ఆమె మనసులో ఏమున్నదో చెప్పే వాక్యం ఆమె చేత్తో రాసింది ఒక్కటీ లేదు. మనకు మిగిలినవన్నీ టికెట్లు అమ్మినోళ్లూ, పత్రికలోళ్లూ రాసిన మాటలే. వారానికి దాదాపు 1500 డాలర్లు వచ్చినయని బార్నమే తర్వాత రాసుకున్నడు. పెట్టిన వెయ్యి వారంలో తిరిగొచ్చిందన్నమాట. ఆ పైసల్లో ముసలమ్మ వాటా ఎంత అని అడిగినోడు లేడు.

ప్రొవిడెన్స్ పట్టణంలో బానిసత్వ వ్యతిరేకులు ఎక్కువ. వాళ్లు అడ్డు చెప్పకుండా, ఈ పైసలన్నీ ముసలమ్మ మునిమనవళ్లను బానిసత్వం నుంచి విడిపించడానికేనని ప్రచారం చేయించిండ్రు. న్యాయం కోరేవాళ్ల జాలిని కూడా టికెట్టుగా మార్చిండ్రు. బోస్టన్‌లో జనం తగ్గితే, అసలు ఈమె మనిషే కాదు, తిమింగలం ఎముక, రబ్బరు, స్ప్రింగులతో చేసిన మరబొమ్మ అని పత్రికకు ఉత్తరం రాయించిండ్రు. ఒకసారి చూసినోళ్లు, మనిషా బొమ్మా తేల్చుకుందామని మళ్లా వచ్చిండ్రు. బతికున్న మనిషి తాను మనిషినేనని నిరూపించుకోవలసి వచ్చింది. అదీ రుసుము కట్టినోళ్ల ముందు!

1836 ఫిబ్రవరి 19న ఆమె చనిపోయింది. అక్కడితోనన్నా వదిలిండ్రా? లేదు. ఫిబ్రవరి 25న న్యూయార్క్‌లోని సిటీ సెలూన్‌లో, జనం ముందు, ఆమె శవాన్ని కోయించిండ్రు. టికెట్ 50 సెంట్లు. వచ్చినోళ్లు దాదాపు 1500 మంది. లెక్క మీరే వేసుకోండి. కోసిన డాక్టరు డేవిడ్ రోజర్స్ ఈమెకు 80 ఏండ్లకు మించి ఉండవని తేల్చి చెప్పిండు. మోసం బయటపడింది. అయినా యాపారం ఆగలేదు. కోసిన శవం ఆమెది కాదు, ఆమె ఇంకా బతికే ఉందని బార్నమ్ సహాయకుడు ఇంకో పత్రికకు కథ అల్లి చెప్పిండు. ఆ పత్రిక అచ్చేసింది. పత్రికలు ఒకదాన్నొకటి తిట్టుకున్నయి. అన్నీ అమ్ముడుపోయినయి.

బార్నమ్ తర్వాత మారలేదా? మారిండు. 1865లో కనెక్టికట్ శాసనసభ్యుడిగా నల్లవాళ్లకు ఓటు హక్కు కావాలని మాట్లాడిండు. అది ఆయన ఖాతాలో రాయవలసిందే. అయితే జాయిస్ హెత్ ఖాతా వేరు. దాన్ని ఎవరూ తీర్చలేదు. 2017లో బార్నమ్ మీద హాలీవుడ్ తీసిన 'ద గ్రేటెస్ట్ షోమాన్' సినిమాలో ఆమె లేనే లేదు. బతికినప్పుడు ఆమె వయసు పెంచి సొమ్ము చేసుకున్నరు, పోయినంక ఆమెనే చెరిపేసి సొమ్ము చేసుకున్నరు.

దీని పక్కన ఇంకో ముసలమ్మను పెట్టి చూద్దాం. ఫ్రాన్స్‌లో ఆర్ల్ పట్టణపు జాన్ కల్మా. 1875 ఫిబ్రవరి 21న పుట్టి 1997 ఆగస్టు 4న పోయింది. 122 ఏండ్లు. రుజువైన వయసుల్లో అదే రికార్డు. పుట్టుక, పెండ్లి, జనాభా లెక్కలు, అన్నింట్లో ఆమె పేరుంది. 2018లో కొందరు అనుమానాలు లేవదీస్తే, పరిశోధకులు ఆ కాగితాలు ముందేసుకొనే జవాబు చెప్పిండ్రు. 90 ఏండ్ల వయసులో ఆమె తన ఇంటి విషయంలో ఒక లాయరుతో ఒప్పందం చేసుకుంది. బతికినన్నాళ్లు ఆయన నెలనెలా పైసలియ్యాలి, పోయినంక ఇల్లు ఆయనది. 30 ఏండ్లు కట్టి 1995లో ఆ లాయరే ముందు పోయిండు. ఆయన కుటుంబం కట్టుకుంటూ పోయింది. ఇక్కడ వయసూ ఆమెదే, దాని ఫలమూ ఆమెదే. ఇద్దరు ముసలమ్మల మధ్య తేడా ఆయుష్షుది మాత్రమే కాదు. ఒకరు పౌరురాలు, ఒకరు ఆస్తి.

మన ఊళ్లల్లో కూడా నూరు దాటిందని, నూట ఇరవై అని అప్పుడప్పుడు ముసలోళ్ల ఫొటోలు పేపర్లకెక్కుతయి. చదివి నవ్వుకునేవాళ్లున్నరు. మన దేశంలో జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. అంతకు ముందు పుట్టినోళ్లలో ఎక్కువమందికి వయసంటే ఒక గుర్తు. మూసీ వరదలప్పుడు మా అమ్మ చంటిపిల్ల అనేవాళ్లు ఉండిరి. రజాకార్ల కాలంలో నేను పశువులు కాస్తుంటి అనేవాళ్లు ఉన్నరు. 1908, 1948 అని మనం రాసుకునే అంకెలు వాళ్లకు జ్ఞాపకాలు. బడికి పోయినోళ్లకు పంతులు రాసిందే పుట్టినరోజు. ఇప్పుడు ఆధార్ కార్డులు తీసి చూడండి, ఎంతమంది ముసలోళ్లు జనవరి 1న పుట్టిండ్రో! అందులో ఒక్క ఏడు తక్కువ పడితే పెన్షన్ ఆగుతది. కాగితం చేసిన తప్పుకు ముసలమ్మ ఆఫీసుల చుట్టూ తిరగాలె.

అందుకే, ఎవరిదన్నా వయసు నమ్మశక్యంగా లేకపోతే అనుమానించండి, తప్పులేదు. శాస్త్రం అడగమనే చెప్తది. కానీ ముసలమ్మను నిలదీసే ముందు ఆ అంకె ఎవరు రాసిండ్రు, దానితో ఎవరికి లాభం అని అడగాలె.

డాక్టరు తేల్చిన 80 ఏండ్లే నిజమనుకుందాం. బానిసగా పుట్టి, చేతులు మారుతూ, చూపు పోయి, కాళ్లు పోయి కూడా 80 ఏండ్లు బతకడం చిన్న సంగతా? అసలు అద్భుతం అదే. దానికి మాత్రం ఎవరూ టికెట్ పెట్టలేదు.