మిల్లులోంచి వచ్చిన నవల

ఇంగ్లండు నవలల్లో రాజకీయం అనగానే మనకు ముందు గుర్తొచ్చేది జార్జ్ ఆర్వెల్. ఆయన బర్మాలో పోలీసు అధికారిగా పనిచేస్తున్న రోజుల్లో, ఉత్తర ఇంగ్లండులో ఒకప్పటి మిల్లు కార్మికురాలు తన భర్తతో కలిసి ఫాసిజాన్ని ఎదిరిస్తూ 'ది క్లియర్ లైట్' అనే పత్రిక నడిపింది. అది మొదలైంది 1923లో. ముసోలినీ గద్దెనెక్కి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ఆమె పేరు ఎథెల్ కార్నీ హోల్డ్స్‌వర్త్. ఈ పేరు తెలుగు పాఠకులు విని ఉండరు. ఇంగ్లండులోనూ చాలాకాలం ఎవరికీ గుర్తు లేదు.

1886లో లంకాషైర్‌లో నేతపనివాళ్ల ఇంట పుట్టింది. పదకొండేళ్లకే గ్రేట్ హార్వుడ్‌లోని నూలు మిల్లులో చేరింది. సగం పూట పని, సగం పూట బడి. ఆనాటి చట్టం అందుకు ఒప్పుకునేది. పదమూడేళ్లకు బడి పూర్తిగా పోయింది, మిల్లు మిగిలింది. ఆ చప్పుడులోనే కవిత్వం కట్టింది. 1907లో మొదటి సంపుటి వచ్చింది. సోషలిస్టు సంపాదకుడు రాబర్ట్ బ్లాచ్‌ఫోర్డ్ చూసి తన 'ఉమన్ వర్కర్' పత్రికలోకి తీసుకున్నాడు. 1909లో ఆరు నెలలు ఆమె చేత దాన్ని నడిపించి, తర్వాత ఉద్వాసన చెప్పాడు. 1913లో మొదటి నవల 'మిస్ నోబడీ' వెలువడింది. బ్రిటన్‌లో కార్మిక కుటుంబం నుంచి వచ్చి నవల ప్రచురించిన తొలి స్త్రీ బహుశా ఈమే.

మొదటి ప్రపంచ యుద్ధంలో నిర్బంధ సైనిక సేవను వ్యతిరేకించింది. 1917 నాటి 'హెలెన్ ఆఫ్ ఫోర్ గేట్స్' బాగా అమ్ముడుపోయింది, 1920లో సినిమాగా కూడా వచ్చింది.

అయితే మేము ఆగి చెప్పాలనుకున్నది 1925లో వచ్చిన 'దిస్ స్లేవరీ' గురించి. మిల్లు తగలబడుతుంది. హెస్టర్, రేచెల్ అనే అక్కచెల్లెళ్లకు పని పోతుంది, ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. రేచెల్ మార్క్స్‌ను చదువుకుంటూ సమ్మెలోకి దిగుతుంది. వయొలిన్ వాయించే హెస్టర్ మిల్లు యజమానిని పెళ్లాడుతుంది. ప్రచార రచయితైతే ఇక్కడే తీర్పు చెప్పేసేవాడు: ఒకామె వీరనారి, ఒకామె ద్రోహి. ఎథెల్ ఆ పని చేయలేదు. ఆకలి ఒక మనిషిని వీధిలోకి, మరో మనిషిని ఆ పెళ్లిలోకి ఎలా తోస్తుందో చూపించింది. యజమాని ఇంట్లో ఉంటూనే హెస్టర్ సమ్మెదారులకు చాటుగా సాయపడుతుంది. మరో సంగతి. ఈ ఆడవాళ్లకు కూలి పెరిగితే చాలదు. వాళ్లకు సంగీతం కావాలి, పుస్తకాలు కావాలి. ఆ కోరికను ఎథెల్ విలాసంగా చూడలేదు, హక్కుగా చూసింది. ఆమె గొప్పతనమంతా ఇందులోనే ఉందని మా అభిప్రాయం.

పార్టీ గీతకు లోబడే స్వభావం కాదామెది. సోవియట్ జైళ్లలో మగ్గుతున్న అరాచకవాదుల కోసం గొంతెత్తింది. ఒంటరి కావడానికి అదీ ఒక కారణమై ఉండవచ్చు. 1930ల తర్వాత దాదాపు రాయలేదు. 1962లో మరణించింది.

లంకాషైర్ పేరు వింటే మన నేతన్నల మగ్గాలను మూలపడేసిన మిల్లు బట్ట గుర్తుకు రావడం సహజం. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఆ బట్ట నేసిన చేతుల్లో పదకొండేళ్ల పిల్లల చేతులూ ఉన్నాయి. 1931లో గాంధీ లంకాషైర్‌లోని డార్వెన్ వెళ్లినప్పుడు, విదేశీ వస్త్ర బహిష్కరణ వల్ల పని తగ్గిన ఆ మిల్లుల ఆడవాళ్లే ఆయన చుట్టూ చేరి జేజేలు కొట్టారు. ఆ దృశ్యం వెనక ఉన్న మనుషులెవరో తెలియాలంటే ఎథెల్ నవలలే చదవాలి.

'దిస్ స్లేవరీ' ఇంగ్లండులో మళ్లీ అచ్చయింది 2011లో. తప్పిపోయిందనుకున్న 'హెలెన్ ఆఫ్ ఫోర్ గేట్స్' సినిమా ప్రతి మాంట్రియల్‌లో దొరికింది. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన 60 ఏళ్లకు కాపీరైట్ ముగుస్తుంది కనుక, 2023 నుంచి ఆమె పుస్తకాలను తెలుగు చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సిరిసిల్లలోనో మంగళగిరిలోనో మగ్గాల చప్పుడు వింటూ పెరిగినవాళ్లు ఎవరైనా 'దిస్ స్లేవరీ' అనువాదానికి పూనుకుంటే, ఈ పత్రికలో ధారావాహికగా ప్రచురిస్తాం.