పులికాటు నేర్పు పాఠము

నీటిలోని సంపద ఎల్లరిదనుటకు, దొరకినవారు దొరకినంత దోచుకొనవచ్చునని యర్థము గాదు. ఈ సత్యమును పులికాటు సరస్సుతీరపు జాలరులు నేటి మత్స్యశాసనములు పుట్టకమున్నే గుర్తించిరి.

ఆంధ్ర, తమిళ రాష్ట్రముల రెంటను వ్యాపించిన ఈ సరస్సు దక్షిణభాగమున, రొయ్యలు సమృద్ధిగ దొరకు చోట్లను ఎవ్వరును తమ సొంతమని చెప్పుకొనరాదు. చీట్లు వేసి వంతులు నిర్ణయించుకొందురు. నేడు మంచి చోట వల గట్టినవాడు రేపు దానిని మరియొకనికి విడువవలయును. వంతు రానివాడు ఆనా డచ్చట వల వేయరాదు. ఈ పద్ధతికి 'పాడు' అని పేరు. పేరు మన చెవికి గటువుగ నున్నను, సరస్సు పాడుగాకూడదనియే యీ కట్టుబాటు.

ఇందు లోపము లేకపోలేదు. వంతు ప్రధానముగ నొక్క కులపు పురుషులకే చెందుటచే స్త్రీలును, ఇతర కులములవారును వెలియైరి. ఈ యన్యాయమును దిద్దవలయును. అంతమాత్రమున వ్యవస్థను గూల్చరాదు.

తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు ప్రభుత్వము సముద్రమున మరపడవల వేటను నిషేధించుచున్నది. మంచిదే. కాని మిగిలిన దినములలో నీటికి గావలి యెవరు? ఒడ్డున గాపురమున్నవారే గదా! వారి కట్టుబాటునకు చట్టమున స్థానమొసగి, అందెల్లరకు వంతు గల్పించి, సరస్సు ముఖద్వారములు ఇసుకచే పూడకుండ జూచుట ఉభయ ప్రభుత్వముల విధి. ముఖము పూడిన సరస్సులో వంతులు మిగులును, రొయ్యలు మిగులవు.