రాతినార ధూళి: ఆలస్యంగా తెలిసే వ్యాధి, ముందే ముగిసే గడువు

అల్ రాయ్ పేరు చెప్పగానే కువైట్‌లోని తెలుగువారికి శుక్రవారపు సంత గుర్తుకు వస్తుంది. ఆ ప్రాంతంలోనే వాహనాల గ్యారేజీలు, గిడ్డంగులు, కార్ఖానాలు కూడా ఉన్నాయి. పాత బ్రేకు లైనింగు ధూళిని గాలిగొట్టంతో ఊదివేయడం, పాత సిమెంటు రేకులను కోయడం, గొట్టాలపై ఇన్సులేషను ఊడదీయడం ఇట్టి చోట్ల సామాన్యమైన పనులే. కాని ఆ సామగ్రిలో రాతినార, అనగా ఆస్‌బెస్టాస్, ఉన్నట్లయితే అవే ప్రాణాంతకమవుతాయి. కువైట్ 1995లో రాతినారను నిషేధించింది. అయితే అంతకు ముందు కట్టిన కట్టడాలలోని రాతినార నిషేధముతో మాయమైపోదు.

కడప జిల్లావారికి ఈ ఖనిజం కొత్తది కాదు. పులివెందుల ప్రాంతంలోని బ్రాహ్మణపల్లె వద్ద దానిని త్రవ్వి తీశారు. నిప్పుకు కాలదు, సులభంగా తెగదు. ఆ గుణములే దానికి గిరాకీ తెచ్చాయి. కంటికి కనిపించని దాని పోగులు ఊపిరితిత్తులలో చేరి, శరీరం కరిగించలేక అక్కడే నిలిచిపోతాయి. ఫలితంగా ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్‌బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సరు, వాటి పైపొరకు వచ్చే మీసోథీలియోమా సంభవిస్తాయి. ఈ చివరి వ్యాధికి రాతినారతో గల సంబంధాన్ని దక్షిణాఫ్రికా గనుల ప్రాంతపు రోగులలో వాగ్నర్ బృందం 1960లో వెల్లడించింది. ధూళి పీల్చిన తరువాత అది బయటపడడానికి సాధారణంగా 20 నుండి 40 సంవత్సరాలు పడుతుంది.

నష్టపరిహారపు చిక్కంతా ఇక్కడే ఉంది. కువైట్ ప్రైవేటు రంగ కార్మిక చట్టం (2010, నంబరు 6) వృత్తి వ్యాధికి చికిత్సను, పరిహారాన్ని గుర్తించింది. అయితే వ్యాధి ఉద్యోగకాలంలో గాని, మానిన ఏడాదిలోపు గాని కనబడాలి. ముప్పయ్యేళ్ళకు వచ్చే వ్యాధికి ఒక ఏడాది గడువు! అప్పటికి ఆ కార్మికుడు అకామా రద్దు చేసుకొని రాయచోటికో రాజంపేటకో చేరి ఉంటాడు. ఆయాసం వస్తే వయసు మీద పడిందనుకొంటాడు.

ఇతర దేశాల న్యాయం ఈ సత్యాన్ని గ్రహించింది. ఇంగ్లండులో వ్యాధి సంగతి తెలిసిన నాటినుండి మూడేళ్ళ గడువును లెక్కిస్తారు. అనేక యజమానుల వద్ద పనిచేసినవాడు ఎవరి ధూళి వ్యాధిని కలిగించినదో నిరూపించలేకపోయినంత మాత్రాన దావా వీగిపోరాదని 2002లో ఫెయిర్‌చైల్డ్ కేసులో ప్రభువుల సభ తీర్పు చెప్పింది. భారత సుప్రీంకోర్టులో 1995 జనవరిలో జస్టిస్ కె. రామస్వామి వ్రాసిన తీర్పు, ఆస్‌బెస్టోసిస్ ధ్రువపడిన కార్మికునికి లక్ష రూపాయల పరిహారాన్ని నిర్దేశించింది. ఆరోగ్య రికార్డులను ఉద్యోగారంభం నుండి 40 ఏళ్ళు గాని, ఉద్యోగం మానిన పిమ్మట 15 ఏళ్ళు గాని, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలని ఆజ్ఞాపించింది.

కువైట్ చట్టం కూడా గడువును రోగనిర్ధారణ దినం నుండి లెక్కించడం న్యాయం. భారత ప్రభుత్వం ఈ సవరణను కోరాలి. అంతవరకు చేయదగినది కాగితాల రక్షణ. ఒప్పంద పత్రం, సర్వీసు సర్టిఫికెట్టు, జీతపు రసీదులు, ఎక్స్‌రే చిత్రాలు, తోటి పనివారి పేర్లు: ఇవే రేపటి సాక్ష్యాలు. వాటి నకళ్ళను భద్రపరచే పనిని తెలుగు సంఘాలు చేపట్టవచ్చు. గల్ఫు నుండి తిరిగివచ్చినవాడు దగ్గుతో వస్తే, పూర్వం ఏ పని చేసినాడో వైద్యుడు తప్పక అడగాలి. ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే వ్యాధికి పేరు దొరకదు. పేరు లేని వ్యాధికి పరిహారమూ దొరకదు.