కనిపించని కోడి... దాక్కోలేని బట్టమేక!

రాయలసీమ అనగానే పక్షిప్రేమికులకు రెండు పిట్టలు గుర్తొస్తాయి... కలివికోడి, బట్టమేక. అంతరించిపోవడానికి ఒక్క అడుగు దూరంలో ఉన్న జాతుల జాబితాలో రెండూ ఉన్నాయి. మిగతా అన్నిట్లో ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం.

మగ బట్టమేక పదిహేను కిలోల దాకా తూగుతుంది. మీటరు ఎత్తు. గడ్డిమైదానాల్లో పట్టపగలే తిరుగుతుంది కాబట్టి దాక్కోమన్నా దాక్కోలేదు! ఆడపక్షి సాధారణంగా పెట్టేది ఒకే ఒక్క గుడ్డు. బరువెక్కువ, ఎదురుగా ఉన్నది సరిగా ఆనదు. దాంతో కరెంటు తీగలు దగ్గరికొచ్చాక కనబడినా పక్కకు తప్పుకోలేదు. 1969లో దేశం మొత్తమ్మీద 1260 ఉన్నాయని అంచనా. ఇప్పుడు 150 కూడా లేవు. ఉన్నవీ ఎక్కువగా రాజస్థాన్‌లోనే. దీనికోసమే 1988లో కర్నూలు జిల్లా (ఇప్పుడు నంద్యాల) రోళ్లపాడులో అభయారణ్యం పెట్టారు. చుట్టూ బీళ్లు పొలాలయ్యాయి. జింకలు మిగిలాయి, బట్టమేక మిగల్లేదు.

కలివికోడి పొడవు 27 సెంటీమీటర్లే. కలివి పొదల్లో పగలంతా నక్కి రాత్రిళ్లు తిరుగుతుంది. 1900 తర్వాత దాదాపు 86 ఏళ్లు ఎవరికీ కనిపించలేదు. లేదనే అనుకున్నారంతా. 1986 జనవరిలో కడప జిల్లా సిద్దవటం దగ్గర మళ్లీ దొరికింది. ఆచూకీ పట్టిచ్చింది పిట్టలు పట్టే ఓ స్థానికుడు! తర్వాత శాస్త్రవేత్తలు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారాక అడుగుల గుర్తులు వెతికేవారు. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం దాని పొదల్లోకే వచ్చింది. సీమకు నీళ్లొద్దనగలమా? అలాగని పిట్టనీ వదులుకోలేం. చివరికి కాలువ దారే మార్చారు.

ఈ రెండింటికీ అసలు శత్రువు 'బీడు' అన్న మాటే. ముళ్లపొదలూ గడ్డినేలా పనికిరానివని రాసుకున్నాక దున్నడానికి, తవ్వడానికి అడ్డేముంటుంది?

బట్టమేకకు ఒక అదృష్టముంది... కనిపిస్తుంది. అందుకే లెక్కపెట్టగలరు, గుడ్లు తెచ్చి పొదిగించగలరు. జైసల్మేర్‌లో 2024లో కృత్రిమ గర్భధారణతో పిల్ల కూడా పుట్టింది. కలివికోడికి ఆ వీలే లేదు. దొరకని పిట్టను పెంచేదెలా? చాలా ఏళ్ల నిశ్శబ్దం తర్వాత 2025 ఆగస్టులో పక్షి పరిశీలకులు ఆంధ్రప్రదేశ్‌లో దాని కూతను రికార్డు చేశారు.