పాఠం ఒక్కటే, తరగతులు మాత్రం వేరు!

పాము కరిచిన కూలీని ముందుగా చూసేది పెద్ద డాక్టరు కాదు. ఊళ్లో ఆశా కార్యకర్త, ఉపకేంద్రంలో నర్సు, 108 సిబ్బంది, ఆ తర్వాతే ఆసుపత్రి డాక్టరు. ఇన్ని చేతులు మారితే గాని ప్రాణం నిలవదు. కాటుకు పైన తాడు బిగించమని ఒకరు, వద్దని మరొకరు చెబితే ఇంటివాళ్లు ఎవరి మాట వినాలి? తాడు కట్టరాదని, కరిచిన కాలో చెయ్యో కదలకుండా వుంచి వెంటనే ఆసుపత్రికి చేర్చాలని నేటి వైద్యం చెబుతోంది. ఆ నాలుగు ముక్కలూ కాబోయే డాక్టర్లు, నర్సులు ఒకే గదిలో కూర్చుని నేర్చుకుంటే వచ్చే నష్టమేమిటి?

వైద్య విద్యకు ప్రత్యేకంగా 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. నేడది డాక్టర్ ఎన్.టి.ఆర్. పేరుతో వుంది. తెలంగాణకు వరంగల్లులో కాళోజీ పేరిట మరొకటి వచ్చింది. ఎం.బి.బి.ఎస్., దంతవైద్యం, నర్సింగు, ఫిజియోథెరపీ అన్నీ ఆ గొడుగు కిందివే. అందరూ మొదట్లో చదివేది ఎముకలు, గుండె, ఊపిరితిత్తుల గురించే. అయినా ఎవరి తరగతి వారిదే, ఎవరి మేష్టారు వారికే.

డాక్టరుకు కావలసినంత లోతు నర్సుకు అక్కరలేదన్న వాదన వుంది. నిజమే, శవాన్ని కోసి నేర్చుకునే చదువు అందరికీ ఒకే తీరున వుండనక్కరలేదు. కాని రక్తపోటు చూడడం, మందు మోతాదు లెక్క కట్టడం, క్షయ మందులు మధ్యలో మానకుండా చూడడం, వీటిలో తేడా ఎక్కడుంది? చేతులు కడుక్కోవడానికి ఎం.బి.బి.ఎస్. సబ్బు వేరే లేదు గదా!

ఒక్కొక్క చదువుకు ఒక్కొక్క జాతీయ సంస్థ, ఒక్కొక్క సిలబసు వుండడం కొంత చిక్కే. అంతకు మించిన అడ్డు హోదా. నర్సింగు విద్యార్థుల పక్కన ఒకే బెంచీపై కూర్చోవడమా అన్న చిన్నచూపు కాలేజీలోనే మొదలవుతోంది. చదువుకునే రోజుల్లో పక్కన కూర్చోనివారు, రేపు వార్డులో "సార్, ఈ మోతాదు ఎక్కువేమో చూడండి" అని నర్సు అంటే చెవిన పెడతారా? ఆ మాట వినకపోతే నష్టపోయేది మంచం మీది రోగి.

వేర్వేరు వైద్య వృత్తులవారు కలిసి నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1988లోనే చెప్పింది, 2010లో మళ్లీ చెప్పింది. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో ప్రణాళిక ప్రకటించింది. మెడికల్ కాలేజీ, నర్సింగు కాలేజీ పక్కపక్కనే వున్న ఊళ్లలో పాముకాటు, కాన్పులో రక్తస్రావం, క్షయ, ఈ మూడు పాఠాలైనా కలిపి చెప్పించడానికి ఢిల్లీ ఉత్తర్వుల కోసం ఎదురుచూడనక్కరలేదు. ప్రిన్సిపాళ్లిద్దరూ కూర్చుని టైంటేబులు సర్దుకుంటే చాలు. పాముకాటు పాఠం తొలకరికి ముందే జరిగితే మరీ మంచిది.