జనరేటర్ చోటు ప్లానులోనే తేలాలి

కొత్త అపార్ట్‌మెంట్ల ప్రకటనల్లో ‘నూటికి నూరు శాతం పవర్ బ్యాకప్’ అన్న మాట లిఫ్టు, పార్కింగ్‌ల సరసన చేరి చాలాకాలమైంది. కొనేవారు అడిగేదీ అదే, కట్టేవారు చూపించేదీ అదే. ఆ బ్యాకప్ ఇచ్చే డీజిల్ యంత్రం ఎక్కడ ఉంటుంది, దాని పొగగొట్టం ఎవరి కిటికీ వైపు తిరుగుతుంది అన్నది మాత్రం భవనమంతా లేచాక, మిగిలిన జాగాను బట్టి తేలుతోంది. ఆ మిగిలిన జాగా చాలాచోట్ల ప్రహరీ పక్కన వదిలిన సెట్‌బ్యాకే. అంటే గాలీ వెలుతురూ ఆడాలని, ఆపద వస్తే మనిషి మసలడానికి దారి ఉండాలని చట్టం ఖాళీగా వదలమన్న చోటే. కరెంటు పోయినప్పుడు వెలుగు ఒకరికి, పొగా రొదా పక్కవారికి అన్న ఈ పంపకం అన్యాయం. దీన్ని మొదట్లోనే సరిచేయగల అధికారం ప్లానుకు అనుమతి ఇచ్చే మున్సిపాలిటీకి ఉంది. జనరేటర్ చోటును ప్లానులోనే గీయించి, పక్కింటికి దానికి మధ్య దూరాన్ని నిర్ణయించే స్థానిక నిబంధన తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ రావాలన్నది నా వాదన.

జనరేటర్లకు నిబంధనలు లేక కాదు. కేంద్ర పర్యావరణ శాఖ 2002 మే నెలలో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, 2005 జనవరి 1 నుంచి తయారయ్యే 1000 కేవీఏ వరకు డీజిల్ జనరేటర్లు శబ్దాన్ని అణిచే డబ్బాతోనే ఫ్యాక్టరీ నుంచి రావాలి. ఆ డబ్బాకు ఒక మీటరు దూరంలో కొలిస్తే శబ్దం 75 డెసిబెల్స్ దాటకూడదు. మరోవైపు 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్‌ను హద్దుగా పెట్టాయి. ఈ రెండు అంకెలనూ కలిపి చూస్తే చిక్కు బయటపడుతుంది. ఆరుబయట ఒక చోట పుట్టిన శబ్దం, దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక మీటరు దగ్గర 75 ఉన్నది రెండు మీటర్ల దగ్గర 69, నాలుగు మీటర్ల దగ్గర 63, ఎనిమిదింటి దగ్గర 57, పదహారింటి దగ్గర 51 అవుతుంది. రాత్రి హద్దయిన 45కు దిగాలంటే 32 మీటర్లు కావాలి. ముప్పై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు ఉన్న 200 గజాల ప్లాటు మొత్తం పొడవే 18 మీటర్లు. పైగా ఈ లెక్క ఆరుబయలుకు వేసింది. రెండు గోడల మధ్య సందులో శబ్దం గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది కనుక అంత కూడా తగ్గదు.

అంటే యంత్రం చట్టప్రకారమే ఉంటుంది, అది చేసే రొద మాత్రం పక్కింటి పడకగదిలో చట్టాన్ని దాటుతుంది. తయారుచేసినవాడిది తప్పు కాదు, అతను 75 లోపే ఇచ్చాడు. కొన్నవాడు సర్టిఫికెట్ చూపిస్తాడు. ఈ రెండు హద్దుల మధ్య ఉన్న 30 డెసిబెల్స్ తేడాను ఎవరు పూడ్చాలన్న ప్రశ్నకు గట్టి జవాబు లేదు. పాత జనరేటర్ల గురించి చెప్పిన చోట 2002 నోటిఫికేషన్ ఈ విషయాన్ని తాకింది. తగిన చోట అమర్చి, తగిన చర్యలు తీసుకుని, ఆవరణ బయట శబ్దం హద్దులో ఉండేలా ప్రయత్నం చేయాలని చెప్పింది. చోటే అసలు మందు అని కేంద్రానికి అప్పుడే తెలుసునన్నమాట. కానీ ఏ చోటు తగినదో ఢిల్లీలో కూర్చుని చెప్పడం కుదరదు. వీధి వెడల్పు, ప్లాటు కొలత, పక్క భవనం కిటికీలు తెలిసినవారే చెప్పగలరు. ఆ పని స్థానిక సంస్థలది. మన భవన నిబంధనలు, అంటే ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన 168వ నంబరు జీవో, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ 2017లో తెచ్చుకున్న నిబంధనలు, సెట్‌బ్యాకులకూ పార్కింగుకూ ఇంకుడు గుంతలకూ కొలతలతో సహా లెక్క చెబుతాయి. బోరుకూ సెప్టిక్ ట్యాంకుకూ మధ్య ఎడం ఉండాలని మన ఊళ్లలో ఎవరికీ నేర్పనక్కర్లేదు. జనరేటర్‌కూ పక్కింటి కిటికీకీ మధ్య ఎడం కూడా ప్లాను మీద అంత స్పష్టంగా కనిపించాలి.

పొగ సంగతి ఇంకా తీవ్రమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. పొగగొట్టం ఎత్తుకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఒక సూత్రం ఇచ్చింది. జనరేటర్ కేవీఏ సామర్థ్యానికి వర్గమూలం కట్టి, దాన్ని 0.2తో గుణించగా వచ్చినన్ని మీటర్లు భవనం ఎత్తుకు కలపాలి. 100 కేవీఏ యంత్రమైతే గొట్టం భవనం కన్నా రెండు మీటర్లు పైకి లేవాలి. ఏ నగరంలోనైనా నాలుగు వీధులు తిరిగితే చాలు, మోకాలి ఎత్తులోనో మొదటి అంతస్తు బాల్కనీ ఎత్తులోనో ఆగిపోయిన గొట్టాలు కనిపిస్తాయి. దీనికి నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదు. ఐదంతస్తుల మీదికి గొట్టం తీసుకెళ్లాలంటే దాని వ్యాసం పెంచాలి, లేకపోతే పొగ వెనక్కి తన్ని ఇంజను మీద భారం పడుతుంది. గోడ వెంట దానికి దారి వదలాలి. ఇవన్నీ భవనం గీసేటప్పుడు సులువు, కట్టేశాక కష్టం. సూత్రం కాగితం మీద ఉండి గొట్టం నేల మీద ఉండిపోవడానికి ప్లానులో దాని ఊసు లేకపోవడమే పెద్ద కారణం.

అమలు కోణంలో చూస్తే చోటును నియంత్రించడమే మేలన్నది ఇంకా స్పష్టమవుతుంది. శబ్దం హద్దును 10 డెసిబెల్స్ మించితే ఫిర్యాదు చేయవచ్చని 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఆ ఫిర్యాదు తీసుకోవాల్సింది కలెక్టరో, పోలీసు కమిషనరో, డీఎస్పీకి తగ్గని మరో అధికారో. అర్ధరాత్రి కరెంటు పోతుంది, జనరేటర్ మోగుతుంది. మీటరు పట్టుకుని ఎవరైనా వచ్చేసరికి కరెంటు వచ్చేస్తుంది, సాక్ష్యం మాయమవుతుంది. మిగిలేది ఇరుగుపొరుగుల మధ్య మనస్పర్థ. జనరేటర్ ఉన్న చోటు అలా మాయం కాదు. ప్రహరీకి ఎంత దూరం, కిటికీకి ఎంత దూరం, గొట్టం ఎంత ఎత్తు అన్నవి పట్టపగలు టేపుతో కొలవవచ్చు. భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేముందు ఒక్కసారి కొలిస్తే, తర్వాత ఇరవై ఏళ్ల తగాదా తప్పుతుంది.

ఆ నిబంధనలో ఏముండాలి? మొదటిది, ప్లాటు కొలతను బట్టి జనరేటర్ సామర్థ్యానికి పరిమితి. రెండోది, పక్క ఆవరణలోని కిటికీలకు కనీస దూరం. అంత దూరం దొరకని చోట శబ్దాన్ని అణిచే గదిని కట్టి తీరాలి. మూడోది, పొగగొట్టం దారిని ప్లానులో చూపడం. నాలుగోది, పరీక్షగా నడిపి చూసే వేళలు. అమెరికాలో చాలా పట్టణాల జోనింగ్ నిబంధనలు వారంవారం చేసే ఈ పరీక్షను పనిదినాల్లో పగటిపూటకే పరిమితం చేశాయి. టెక్సస్, న్యూజెర్సీ శివార్లలో సొంత ఇళ్లు కట్టుకున్న మన కుటుంబాలకు అవి తెలిసినవే. ఐదోది, డీజిల్ నిల్వ. లైసెన్సు లేకుండా మొత్తం 2,500 లీటర్ల వరకు, ఒక్కో పాత్రలో వెయ్యి లీటర్లకు మించకుండా ఉంచుకోవడానికి పెట్రోలియం చట్టం ఒప్పుకుంటుంది. అందుకే 990 లీటర్ల ట్యాంకులు అంతగా కనిపిస్తాయి. లైసెన్సు అక్కర్లేదు కదా అని అంత డీజిల్‌ను మెట్ల కింద పెట్టడం కుదరదని స్థానిక నిబంధన చెప్పాలి. చివరిది ఛేంజోవర్ స్విచ్. అది సరిగా లేకపోతే జనరేటర్ కరెంటు వెనక్కి లైనులోకి పారి, స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది.

చోటు నిర్ణయం పక్కవారి మేలు కోసమే అనుకుంటే పొరపాటు. మన నిబంధనలు సెల్లార్‌లో కొంత భాగాన్ని జనరేటర్ గది వంటి అవసరాలకు వాడుకోనిస్తాయి. తలుపులు మూసిన సెల్లార్‌లో కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటే దానికి రంగూ వాసనా ఉండవు, మనిషికి తెలిసేలోపే స్పృహ తప్పిస్తుంది. ఇక నీటి సంగతి. 2020 అక్టోబరు వానల్లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో, ముందుగా మునిగినవి సెల్లార్లూ కింది అంతస్తులే. వరదలో కరెంటు ఆపేస్తారు, సరిగ్గా అప్పుడే జనరేటర్ నీళ్లలో ఉంటుంది. 2012 అక్టోబరులో శాండీ తుపాను వచ్చినప్పుడు న్యూయార్క్‌లోని పేరున్న ఎన్‌వైయూ లాంగోన్ ఆసుపత్రికి జరిగింది ఇలాంటిదే. బేస్‌మెంటులోకి నీరు చేరి బ్యాకప్ విఫలమైంది, 300 మందికి పైగా రోగులను తరలించాల్సి వచ్చింది. దాని తర్వాత ఆ నగరం జోనింగ్ నిబంధనలను సవరించి, బ్యాకప్ యంత్రాలను వరద మట్టానికి పైన పెట్టుకోవడాన్ని సులువు చేసింది. మంచి నిబంధన కొన్ని చోట్లను కాదంటుంది, కొన్ని చోట్లకు దారి కూడా తెరుస్తుంది.

దీనికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం, చిన్న ప్లాట్లలో అంత దూరం ఎక్కడ దొరుకుతుందని. నిజమే, దొరకదు. కానీ స్థలం చాలనప్పుడు తగ్గించాల్సింది యంత్రం సైజును. లిఫ్టు, నీటి మోటారు, మెట్ల దీపాలు నడవడానికి కావాల్సింది కొద్దిపాటి శక్తి. ప్రతి ఫ్లాటులోని ఏసీనీ నడపాలనుకున్నప్పుడే పెద్ద యంత్రం కావాలి. చిన్న భవనాలకు ఇన్వర్టరూ బ్యాటరీలూ సరిపోతాయి, వాటికి పొగ లేదు, రొద లేదు. పెద్ద యంత్రం కావాలనుకునేవారు దానికి తగ్గ జాగా చూపించాలి. ఆ జాగాను పక్కింటివారి నిద్రలోంచి తీసుకునే హక్కు ఎవరికీ లేదు. శబ్దం లేని బతుకు 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2005 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది కూడా.

రెండో అభ్యంతరం బరువైనది. ఆసుపత్రుల మాటేమిటి? హుద్‌హుద్ వంటి తుపాను వస్తే? 2014 అక్టోబరులో విశాఖ రోజుల తరబడి చీకట్లో ఉన్నప్పుడు జనరేటర్ ఉన్నచోటే నీళ్లు దొరికాయి, ఫోన్లు ఛార్జి అయ్యాయి. ఎత్తయిన భవనాల్లో ఫైర్ లిఫ్టుకూ, మంటలార్పే పంపులకూ ప్రత్యామ్నాయ విద్యుత్తు ఉండాలని జాతీయ భవన నియమావళే చెబుతోంది. ఆపద వేళ జనరేటర్ నడపడానికి ఏ పరిమితీ ఉండకూడదని నేనూ అంటాను. నడపడం వేరు, పెట్టే చోటు వేరు. చోటును నిర్ణయించేది మామూలు రోజున, తీరిగ్గా. విజయవాడలోని సూర్యారావుపేట వంటి చోట్ల పక్కపక్కనే ఆసుపత్రులున్న వీధులను తలుచుకోండి. ఆసుపత్రి చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించదగినవి, అక్కడి హద్దు పగలు 50, రాత్రి 40. ఒక ఆసుపత్రి జనరేటర్ మరో ఆసుపత్రి వార్డు కిటికీ కింద మోగితే నష్టపోయేది రోగే. ఆసుపత్రికి జనరేటర్ తప్పనిసరి కనుకనే దాని చోటు గురించి ఎక్కువ శ్రద్ధ కావాలి.

ఒకప్పటి కరెంటు కోతలు ఇప్పుడు లేవు కదా, ఈ కొత్త తంటా ఎందుకని మరికొందరు అడుగుతారు. పారిశ్రామిక వాడలకు పవర్ హాలిడేలు ప్రకటించిన 2012 నాటి పరిస్థితి ఇవాళ లేదన్నది నిజం. అవసరం తగ్గినా కట్టే ప్రతి భవనంతోనూ యంత్రాల సంఖ్య పెరుగుతూనే ఉంది. ఒత్తిడి లేని కాలంలోనే నిబంధన పెట్టడం తేలిక, కోతలు మళ్లీ వచ్చాక దాన్ని ఎవరూ విననివ్వరు. ఇంకో అనుమతి అంటే ఇంకో చేయి తడపడమేనన్న భయమూ ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. అందుకే ఇది వేరే లైసెన్సు కాకూడదు. తెలంగాణ 2020లో తెచ్చిన టీఎస్-బీపాస్ చట్టంలాగా యజమాని స్వీయ ధ్రువీకరణకు చోటిచ్చే విధానాలు మనకున్నాయి. అదే దరఖాస్తులో, అదే డ్రాయింగులో, జనరేటర్‌కు ఒక గడి, గొట్టానికి ఒక గీత చేరితే చాలు. డ్రాయింగు ఎవరైనా చూసేలా ఉంటే పక్కింటివారే తనిఖీదారులవుతారు.

ఇప్పటికే ఉన్నవాటిని రేపే కదిలించమనడం సాధ్యం కాదు, న్యాయమూ కాదు. వాటికి దశలవారీ గడువు ఇవ్వాలి. పరీక్ష వేళల నియమం వెంటనే పెట్టవచ్చు, దానికి రూపాయి ఖర్చు లేదు. పొగగొట్టం ఎత్తుకు ఏడాదో రెండేళ్లో ఇవ్వవచ్చు. చోటు మార్పును యంత్రం మార్చే రోజుకు ముడిపెట్టవచ్చు. 2023 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఉద్గార ప్రమాణాల వల్ల ఇకముందు కొనే యంత్రాలు పాతవాటికన్నా శుభ్రంగానే ఉంటాయి. అవి కూడా పాత సందులోనే, పాత కిటికీ కిందనే కూర్చుంటే ఆ మేలులో సగం వృథా. రెండు రాష్ట్రాల పురపాలక శాఖలు కొత్త చట్టం కోసం చూడనక్కర్లేదు, ఉన్న భవన నిబంధనలకు ఒక సవరణ చాలు. బ్యాకప్ కొనుక్కునే స్తోమత ఉన్నవాడి సౌకర్యానికి, అది లేని పక్కింటివాడు తన ఊపిరితో చెల్లించే పద్ధతిని ఆ సవరణ ఆపగలదు. ఆపే అధికారం చేతిలో ఉండి వాడకపోతే ఆ అన్యాయంలో ప్రభుత్వానికీ వాటా ఉన్నట్టే.